వాదరయు పట్టును

మనుష్యుని చర్మమునుండి దానిపై మొలచిన రోమమును వేఱుచేయుట చూపునకు స్వల్పకార్యమే యైనను, అందిమిడియున్న యాంత్రికసమస్య మాత్రము స్వల్పమైనది కాదు. గడ్డపు వెండ్రుక లావు ఇంచుమించుగా మిల్లీమీటరులో పదవ వంతు. కెరటిన్ అను మాంసకృత్తుతో నిర్మితమగుటచే అది పొడిగా నున్నంతసేపు మిక్కిలి బిరుసుగా నుండును. దానికి పాదుగా నున్న చర్మమో, వ్రేలితో నొక్కినచో లోనికి వంగి, ప్రక్కకు లాగినచో జరిగి, విడిచినచో మరల యథాస్థానమునకు వచ్చు మెత్తని పొర. బిరుసైన దానిని తెగవేయవలెను. దానిని పట్టుకొనియున్న మెత్తనిదానికి గాటు పడరాదు. ఈ రెండు నియమములను ఏకకాలమున పాలింపగల పనిముట్టును నిర్మించుటకు ఫ్రాన్సు, ఇంగ్లండు, అమెరికా దేశముల కత్తిపనివారును యంత్రశిల్పులును సుమారు రెండువందల యేండ్లు శ్రమించిరి.

అంతకుముందు ఈ సమస్యకు సమాధానము మంగలి మణికట్టునం దుండెడిది. కత్తిని చెక్కిలిపై మిక్కిలి పరుండబెట్టినచో వాదర వెండ్రుకను కొఱుకక పైపైన జాఱిపోవును. మిక్కిలి నిలువబెట్టినచో తెగవేయుటకు బదులు గీకి, చర్మపు పైపొరను కూడ ఊడ్చివేయును. ఈ రెంటి నడుమ, సుమారు 30 డిగ్రీల వాలున, కత్తి తన పనిని తాను చేయును. చెక్కిలినుండి దవడకును, దవడనుండి గడ్డమునకును, గడ్డమునుండి కంఠమునకును పోవునప్పుడెల్ల ముఖతలము తన దిశను మార్చుకొనుచునే యుండును గనుక, ఆ వాలును చెడనీయక కత్తిని నడపుట ఏండ్ల తరబడి అభ్యసించిన చేతికే సాధ్యము. సేఫ్టీ రేజరు చరిత్ర యంతయు, ఆ మణికట్టు ఎఱిగిన విద్యను కొద్దికొద్దిగా లోహమునకు బదిలీచేసిన చరిత్రయే. ఆ బదిలీ యే మెట్టున ఎంతవఱకు జరిగినదో తెలిసికొనగోరువారికి, లోకప్రసిద్ధమైన రెండంచుల రేజరుకంటె, దానికి ముందును దానితోడను వెలసిన ఒంటియంచు రేజర్లు స్పష్టతరమైన సాక్ష్యము నొసగును. ఏలయన, వానిని చేసిన కర్మాగారములు బ్లేడును ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున పట్టి చూచినవి.

నీటి పాలు

కత్తి సంగతికి ముందు నీటి సంగతి చెప్పవలసియున్నది. కెరటిన్ అణుశృంఖలములను ఒకదానితో నొకటి బంధించు కట్లలో హైడ్రోజను బంధములు ముఖ్యమైనవి. నీరు రోమములోనికి చొచ్చినప్పుడు ఆ బంధముల స్థానమును నీటి అణువులే యాక్రమించును, కట్లు సడలును, వెండ్రుక తన బరువులో సుమారు మూడవ వంతు నీటిని పీల్చుకొని ఉబ్బును, దానిని తెగవేయుటకు కావలసిన బలము గణనీయముగా తగ్గును. ఈ మార్పునకు రెండు మూడు నిమిషముల కాలము చాలును, కాని ఆ రెండు మూడు నిమిషములను ఎగవేయుటకు వీలులేదు. సబ్బు నురుగు గడ్డమును మెత్తపఱచునని లోకులు తలంతురు. మెత్తపఱచునది నీరే, సబ్బు వెండ్రుకపైనున్న జిడ్డును తొలగించి నీటికి దారి యిచ్చును, నురుగు ఆ నీటిని ఆఱిపోనీయక కాచి, వాదరకును చర్మమునకును నడుమ జాఱుడు కల్పించును. ఎంతటి ఘనమైన రేజరైనను ఈ పూర్వాంగమును తాను చేయలేదు; కావున మణికట్టు విద్య లోహమునకు పోయినను, ఓర్పు మాత్రము మనుష్యుని వంతుననే మిగిలిపోయినది.

కాపుబద్ద పుట్టుక

పారిసు నగరమున కత్తిపని చేయుచుండిన జాక్ పెరే పదునెనిమిదవ శతాబ్దమధ్యమున సామాన్యమైన క్షౌరపు కత్తికి కొయ్యతొడుగు నొకదానిని అమర్చి, వాదరలో సన్నని అంచుమాత్రమే వెలికి కనబడునట్లు చేసెను. వడ్రంగి చిత్రికలో ఉలి యెట్లు కొయ్యదిమ్మనుండి కొంచెముగా తొంగిచూచి, అంతకుమించి లోతు దిగలేదో, అట్లే ఈ తొడుగులోని కత్తియు చర్మమునందు లోతుగా దిగజాలదు. 1769లో ఆతడు తనకు తానే క్షౌరము చేసికొను విధమును బోధించు గ్రంథమును కూడ ప్రకటించెను. ఆతని తొడుగు గాటు లోతును నియమించినదే కాని కత్తి వాలును నియమింపలేదు. పిడి యింకను వాదరకు కొనసాగింపుగనే యుండుటచే మణికట్టు పని మణికట్టునకే మిగిలినది.

రెండవ మెట్టు ఇంగ్లండున 1847లో విలియం శామ్యూల్ హెన్సన్ పొందిన పేటెంటు. ఆవిరియంత్రముతో నడచు విమానమును కల్పించి, అది ఎన్నడును గాలిలోని కెగురకున్నను దాని చిత్రపటములచే దేశమంతట పేరు మ్రోగించినవాడు ఈ హెన్సనే. ఆతడు పిడిని బ్లేడునకు అడ్డముగా, గుద్దలికి కొయ్య తగిల్చినట్లు తగిల్చి, వాదర ముందు దువ్వెనపండ్లవంటి కాపుబద్దను నిలిపెను. ఇది స్వల్పమైన మార్పుగా తోచవచ్చును. కాని నేటి రేజర్ల ఆకృతి యంతయు ఇందుండియే వచ్చినది. పిడి అడ్డముగా నున్నందున, చేతిని కొంచెము పైకెత్తినను దించినను కత్తి వాలు మాఱును. కాపుబద్దయు వాదరయు రెండును చర్మమును తాకునట్లు పట్టినచో, ఆ వాలు తనంత తానే కుదురును.

పేటెంటుగా నున్న ఈ యూహను అంగడి సరకుగా చేసినవారు జర్మనీనుండి వలసవచ్చి న్యూయార్కున స్థిరపడిన కాంఫె సోదరులు. వారు 1880లో పేటెంటు పొందిన స్టార్ రేజరు తల చిన్న రేకుపెట్టెవలె నుండును. గీసిన నురుగును రోమములను అందు చేరును. దానిపై, పూర్వపు క్షౌరపు కత్తినుండి ఒక ముక్కను కోసి తెచ్చినట్లున్న మందపాటి బ్లేడు, వెన్ను లావుగను వాదర సన్నముగను, అమరియుండును. వైద్యుడును రచయితయు నగు ఆలివర్ వెండెల్ హోమ్స్ 1886లో ఐరోపాకు పోవుచు దీనిని వెంటగొనిపోయి, తన యాత్రాగ్రంథమున ప్రశంసించెను. ఓడ యూగుచుండగా క్షౌరము చేసికొనవలసినవానికి దీని విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. అయినను స్టార్ బ్లేడును క్షౌరమునకు ముందు తోలుపట్టీపై నూరవలెను. అప్పుడప్పుడు సానకును పట్టవలెను. వాలు విద్య లోహమునకు చేరినది. పదును విద్య ఇంటివాని చేతులలోనే నిలిచినది.

మందమును పలుచదనమును

ఆ రెండవ భారమును తొలగించినవాడు కింగ్ క్యాంప్ జిల్లెట్టు. సీసా మూతలనమ్ము వర్తకసంస్థలో పనిచేయుచు, ఒకమాఱు వాడి పాఱవేయు వస్తువునందు గల వ్యాపారరహస్యమును గ్రహించిన ఆతడు, పలుచని ఉక్కురేకుతో బ్లేడు చేసి, మొద్దువాఱిన వెంటనే పాఱవేయించవలెనని 1895లో సంకల్పించెను. సంకల్పము సులభము, అంత పలుచని రేకును ఎఱ్ఱగా కాల్చి చల్లార్చినప్పుడు అది మెలికలు తిరుగకుండ చూచుట దుర్ఘటము. మాసచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున చదివిన విలియం నికర్సన్ ఆ చిక్కును విడదీసెను. 1903లో వారమ్మినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. మఱుసటి యేడు పేటెంటు లభించినది. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా ప్రభుత్వము తన సైనికులకొఱకు 35 లక్షల రేజర్లను, మూడుకోట్లకు పైబడిన బ్లేడ్లను ఆ సంస్థనుండి కొన్నది.

ఇంతటి ప్రవాహమున ఒంటియంచు రేజరు కొట్టుకొనిపోవలసినది; కాని పోలేదు. కారణము కొంత వెలయందును, కొంత యంత్రశాస్త్రమందును కలదు. జిల్లెట్టు రేజరు 5 డాలర్లుండగా, ఎవర్-రెడీ సంస్థ తన ఒంటియంచు రేజరును 12 బ్లేడ్లతో సహా ఒక్క డాలరున కిచ్చినది. యంత్రశాస్త్రమునకు సంబంధించిన కారణము ఇంకను ఆసక్తికరమైనది. ఒక పలక వంపున కెదురునిలుచు బిగువు దాని మందముయొక్క ఘనము ననుసరించి పెరుగును. రెండంచుల బ్లేడు మందము అంగుళమున వేయింట 4 వంతులు. ఎవర్-రెడీ, దానికి సాటియైన జెమ్ అను ఒంటియంచు రేజర్ల బ్లేడు మందము వేయింట 9 వంతులు. మందము రెండుంబాతిక రెట్లేయైనను, బిగువు 11 రెట్లకు పైబడును. పలుచని రేకును జిల్లెట్టు ఊరకే పెట్టలేదు; పైమూతకును క్రిందిపలకకును నడుమ దానిని విల్లువలె వంచి, ఆ వంపుచేతనే దానికి బిగువు కల్పించెను. ఒంటియంచు శిల్పులకు ఆ యుపాయముతో పనిలేకపోయెను. వారి బ్లేడు స్వభావముచేతనే బిగువైనది. పైగా దాని వీపున మడిచిన ఉక్కువెన్ను కూడ నుండును.

బ్లేడును పట్టు పద్ధతియందును ఇట్టి భేదమే కలదు. రెండంచుల బ్లేడు తన నడుమనున్న రంధ్రములను బట్టి కూర్చుండును. కావున బ్లేడు వెడల్పున ఏ కొంచెము తేడా వచ్చినను వాదర కాపుబద్దకు దగ్గఱగనో దూరముగనో జరుగును. జెమ్, ఎవర్-రెడీ రేజర్లలో బ్లేడు వెనుకనుండి స్ప్రింగు ముందునకు త్రోయగా, వాదర రెండు కొనలును తలయందలి రెండు చిన్న అడ్డులకు ఆనుకొని ఆగును. అనగా కొలత వాదరనుండియే మొదలగును. బ్లేడు వెడల్పుతో నిమిత్తము లేదు. ఏ భాగము పనిచేయునో ఆ భాగమునే ఆధారముగా గ్రహించి అమర్చుట యంత్రనిర్మాణమున ఉత్తమసూత్రము. దానిని డాలరు వెలగల వస్తువునందు ప్రవేశపెట్టిన ఆ శిల్పులు నిజముగా కొనియాడదగినవారు.

స్టార్, జెమ్, ఎవర్-రెడీ మూడు పేర్లును కాలక్రమమున బ్రూక్లిన్‌లోని అమెరికన్ సేఫ్టీ రేజర్ సంస్థ నీడకు చేరినవి. 1912 అను సంవత్సరనామముతోనే నేటికిని పిలువబడు ఎవర్-రెడీ రేజరునందు మూత బందుపై లేచి బ్లేడునకు చోటిచ్చును. తరువాతి జెమ్ మైక్రోమాటిక్‌లో పిడి యడుగునున్న బొడిపెను త్రిప్పినచో తలపై రెక్క తనంత తాను విచ్చుకొనును. ఉదయము గీసికొన్న గడ్డము సాయంకాలమునకు నల్లబాఱుటను ‘అయిదుగంటల నీడ’ యని యెత్తిచూపి, ఉద్యోగస్థుల గుండెలలో గుబులు పుట్టించిన ప్రకటనలును జెమ్ వారివే.

పదునును ఇంటనే నిలిపిన వంశము

బ్లేడు పాఱవేయుట ఎల్లరకును రుచింపలేదు. హెన్రీ గేస్‌మన్ కల్పించిన ఆటోస్ట్రాప్ రేజరున, తలగుండ తోలుపట్టీని దూర్చి రేజరును ముందునకు వెనుకకు లాగినచో, బ్లేడు ఒక్కొక్క లాగుడునకు ఒక్కొక్క ప్రక్కకు తిరిగి తనంత తాను నూరుకొనును, బ్లేడును తీయనక్కఱలేదు. ఈ గేస్‌మన్ 1930లో పేటెంటు వివాదమున జిల్లెట్టు సంస్థను చిక్కున బెట్టి, తుదకు రెండు సంస్థలును ఏకము కాగా దాని పెత్తనమునే చేపట్టెను. ఇంగ్లండున రోల్స్ రేజరు ఇంకను విచిత్రమైనది. దాని లోహపుపెట్టెకు ఒక మూతయందు సానరాయి, రెండవ మూతయందు తోలు అమర్చబడియుండును. నడుమనున్న పిడిని అటునిటు నడపినచో, మందమైన బ్లేడు కొనకొనకును బోర్లుచు పదునెక్కును. వారమునకు ఏడు బ్లేడ్లు గల పెట్టెలను అమ్మిన విల్కిన్సన్ స్వోర్డ్ వారును ఇదే మార్గమున నడచిరి. వీరికి నడుమ అమెరికా సైన్యమున పనిచేసిన జేకబ్ షిక్ మఱియొక త్రోవ తొక్కెను: తుపాకిలోనికి గుండ్లు వరుసగా ఎక్కునట్లు, ఇంజెక్టరు గొట్టమునుండి క్రొత్త బ్లేడు తలలోనికి జాఱి, పాతదానిని తానే వెలికి త్రోయును. చేతి వ్రేళ్లు వాదరను తాకు ప్రసక్తియే లేదు.

ఉక్కు సాక్ష్యము

ఈ బ్లేడ్లు ఉక్కు. ఉక్కునందలి కర్బనము నూటికి ఒక పాలునకు చేరువగా నుండగా, దానిని ఎఱ్ఱగా కాల్చి హఠాత్తుగా చల్లార్చినచో, కర్బనపరమాణువులు ఇనుపస్ఫటికములలో చిక్కువడి, మార్టెన్సైట్ అను మిక్కిలి కఠినమైన రూపము పుట్టును. అది పెళుసుగను నుండును గనుక, మరల కొంచెము వేడిచేసి ఆ పెళుసుదనమును తగ్గింతురు. అధికకర్బనపు ఉక్కును గూర్చిన విద్యలో మన దేశమునకు పెద్ద పాలు కలదు. నిజామాబాదు జిల్లాయందలి కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కును పారశీక వర్తకులు కొనిపోయెడివారు. వూట్జ్ అని ఐరోపాలో పేరొందిన ఇట్టి భారతీయపు ఉక్కుతో లండనున శస్త్రపరికరములను క్షౌరపు కత్తులను చేసి, ఆ సంగతిని తన వ్యాపారపత్రముపై అచ్చొత్తించుకొన్న జేమ్స్ స్టోడార్టు, మైకేల్ ఫారడేతో కలిసి 1820 ప్రాంతమున ఉక్కు మిశ్రమములపై పరిశోధనలు జరిపెను. ఒక శతాబ్దమునకు తరువాత జెమ్ వారు తమ బ్లేడునకు డమాస్కసు ఖడ్గములను స్మరింపజేయు ‘డమాస్కీన్’ అను పేరు పెట్టిరి. ఆ సంబంధము పేరునందే కలదు, ఉక్కునందు లేదు.

ఇంతటి కఠినలోహము, తనకంటె సుమారు 50 రెట్లు మెత్తనైన వెండ్రుకను కోసి కోసి యేల మొద్దువాఱును? అరిగిపోవుటచేతనని చిరకాలము తలంచిరి. 2020లో మాసచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునకు చెందిన రోషియోలి, తాసన్ మున్నగువారు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిక్రింద బ్లేడును వెండ్రుకను ఎదురెదురుగా నుంచి పరీక్షించి ‘సైన్స్’ పత్రికయందు ప్రకటించిన ఫలితము వేఱుగా నున్నది: వాదర పెచ్చులుగా ఊడుచున్నది. ఉక్కు సూక్ష్మరచన అంతట నొక్క తీరుగ నుండదు. కొన్ని భాగములు మెత్తనివి, కొన్ని గట్టివి. ఒక కొన విడిగానున్న వెండ్రుక కత్తి తాకిడికి వంగి, నిటారుగ గాక ఏటవాలుగ వాదరను నెట్టుచు, అట్టి రెండు భాగముల సరిహద్దునకు ప్రక్కనే తగిలినచో, అచట పగులు పుట్టి పెచ్చు లేచును. అనగా వాదర ఆయుర్దాయము ఉక్కు కాఠిన్యముపై మాత్రమే గాక, రోమము దానిని ఏ దిక్కునుండి తాకునో దానిపై గూడ ఆధారపడియున్నది.

సేకర్తకు ఇత్తడి నేర్పు పాఠము

పాత రేజర్లను సేకరించువారు తఱచు పెట్టె నవ్యతను, నికెలు మెఱుగును చూచి మురిసిపోవుదురు. పనిముట్టుగా వాడదలచినవాడు చూడవలసినవి వేఱు: వాదరను నిలుపు అడ్డులు అరిగినవా, వంగినవా, వెనుకనుండి త్రోయు స్ప్రింగున జీవమున్నదా, మూత బందు వదులైనదా, కాపుబద్ద పండ్లలో ఏదైన క్రిందపడి వంకర తిరిగినదా. వీనిలో ఏ యొక్కటి చెడినను బ్లేడు ఏటవాలుగా కూర్చుండి, చెక్కిలిపై ఒక వైపున లోతుగను, వేఱొక వైపున పైపైనను పోవును.

శుభ్రపఱచుటయందును రసాయనశాస్త్రము నెఱిగి మెలగవలెను. తలలోపల గట్టిపడిన తెల్లని పెచ్చు, నీటియందలి సున్నపు లవణములతో సబ్బు కలిసి కట్టినది. గోరువెచ్చని సబ్బునీటను పాత పండ్లబ్రష్షుతో రుద్దియు పోనిచో, నీరు కలిపిన వినెగరులో కొంచెముసేపు ముంచి, వెంటనే కడిగి తుడువవలెను. గంటల తరబడి ముంచినచో ఆమ్లము పూతకే కీడు చేయును. తొలినాటి ప్లాస్టికు పిడిని మరగునీట వేయరాదు. అమోనియా కలిసిన మెఱుగు ద్రవములను ఇత్తడిదగ్గఱకే రానీయరాదు. ఈ నిషేధము వెనుక మన దేశమున జరిగిన కథ యొకటి యున్నది. పందొమ్మిదవ శతాబ్దమున ఇండియాలోని బ్రిటిషు సైన్యము తూటాల ఇత్తడి తొడుగులను వానకాలమున గుఱ్ఱపుసాలలలో నిలువచేయగా, అవి నిష్కారణముగా పగులసాగినవి. గుఱ్ఱముల మూత్రమునుండి పుట్టిన అమోనియా, తయారీలో సాగదీయబడి లోపల ఒత్తిడి నిలిచిపోయిన ఇత్తడిపై పనిచేయుటయే దీనికి కారణమని 1921లో గాని తేటపడలేదు. రేజరు పిడియు సాగదీసిన ఇత్తడి గొట్టమే యైనచోట అట్టి పగుళ్లకు తావున్నది. కావున కొనునప్పుడు పిడి పొడవునను, మరచుట్టల దగ్గఱను, వెండ్రుకవంటి గీత యేదైన నున్నదేమో భూతద్దముతో చూచుట వివేకము.

పాత పెట్టెలలో దొరకు బ్లేడ్లు కాగితపు చుట్టలతో చరిత్రసాక్ష్యముగా దాచుకొనదగినవే కాని ముఖమునకు పనికిరావు. ఆనాటి కర్బనపు ఉక్కు తేమకు తుప్పుపట్టి, వాదర ఏనాడో శిథిలమైయుండును. ఈ రేజర్లకు సరిపోవు ఒంటియంచు బ్లేడ్లు నేటికిని తయారగుచున్నవి. అయితే కిటికీ అద్దములపై రంగు గీకుటకు అమ్ము బ్లేడ్లును అచ్చముగా అట్లే యుండును. వానికి పెట్టిన పదును చర్మమునకు ఉద్దేశించినది కాదు గనుక, క్షౌరమునకని చేసినవానినే యెన్నుకొనవలెను.

చేతికి మిగిలిన పాలు

రెండంచుల రేజరునకు అలవాటుపడినవారు జెమ్ రేజరును మొదట చేపట్టినప్పుడు పిడిని క్రిందికి వంచి పట్టుదురు. అప్పుడు బ్లేడు గీకును. ఈ రేజరు తలపైనున్న చదునైన రేకును ముందుగా చెక్కిలికి పూర్తిగా ఆన్చి, వాదర వెండ్రుకను అందుకొన్నంతవఱకే పిడిని దింపి, అచట ఆపవలెను. ఆ వాలును శిల్పి తలయందే పొదిగియున్నాడు. చేయి దానిని వెదకిపట్టిన చాలును. రెండవ చేతితో చర్మమును బిగువుగా లాగి, పొట్టిపొట్టి వరుసలలో, రోమము మొలచిన దిశనుబట్టి పోవలెను. అదిమిపట్టరాదు: అదిమినచో కాపుబద్దకును వాదరకును నడుమనున్న సందులో చర్మము ఉబ్బి పైకి వచ్చును, ఉబ్బినదానిని కత్తి విడువదు. మందమైన బ్లేడు వెండ్రుకలను తెగవేయునప్పుడు స్ఫుటమైన చరచర ధ్వని వినవచ్చును. ధ్వని సన్నగిలినచోట వాలు చెడినదనియో, రోమము లేదనియో గ్రహింపవచ్చును. ఇట్లు కన్ను చూడలేని దవడక్రింది భాగమున చెవియే గురువగును.

1971లో జంటబ్లేడ్ల కార్ట్రిడ్జియు, 1977లో ముఖపు వంపునకు అనుగుణముగ తానే తిరుగు తలయు జిల్లెట్టు కర్మాగారమునుండి వెలువడినప్పుడు, మంగలి మణికట్టునందలి శేషవిద్యయు లోహమునకును ప్లాస్టికునకును చేరిపోయినది. స్టార్ మొదలు ఈ తిరుగుడు తలవఱకు గల రేజర్లను వరుసగా వాడి చూచినవానికి, చేతికి మిగిలిన పని ఒక్కొక్క మెట్టున ఎట్లు తగ్గుచు వచ్చినదో అనుభవమున తెలియును. ఆ వరుసకు నడుమ నిలిచినవి ఈ ఒంటియంచు రేజర్లు: పదునును కర్మాగారము చూచుకొనును, గాటు లోతును కాపుబద్ద చూచుకొనును, వాలునుమాత్రము మనుష్యుడును యంత్రమును సగము సగముగా పంచుకొందురు. అరుదుదనమునుబట్టి వెలకట్టువారు కట్టుదురు గాక. వాడదలచి కొనువాడు బ్లేడును అమర్చి, రేజరు తలను వెలుతురున కెదురుగా పట్టి, వాదరయు కాపుబద్దయు సమాంతరముగా నున్నవో లేవో మొదట చూడవలెను. అవి సమాంతరముగా నున్నచో, పూత పోయినను, పెట్టె పోయినను, ఆ రేజరు తాను నేర్చిన విద్యను మఱవలేదని నమ్మవచ్చును.